మగ్గం కాడి ఓట్లు

(ధర్మవరంలో ఒక కల్యాణ మండపంలో జరిగిన పదవీ విరమణ సభ. ఎన్నికల విభాగంలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన పద్మావతి, అందరూ మాట్లాడినాక చివర మైకు అందుకొని చెప్పిన మాటలు.)

సభాధ్యక్షులు, మా తహసీల్దారు శ్రీ వేణుమాధవ్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, హిందూపురం నుంచి, పెనుకొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన నా పాత సహోద్యోగులకు, ఇల్లిల్లూ తిరిగి ఓటర్ల పేర్లు రాసే మా బూత్ స్థాయి అధికారులకు, మగ్గం దిగి వచ్చిన నేతపని అక్కచెల్లెండ్లకు, అన్నదమ్ములకు, ముందు వరుసలో కూర్చొని ఇది ఎప్పుడు అయిపోతాదా అని వాచీ చూసుకుంటాండే మా ఇంటాయన ఆంజనేయులు గారికి, పేరుపేరునా నమస్కారం. (నవ్వులు)

ఇంతసేపు మీరు నన్ను పొగిడినారు. ఓర్పు, సహనం, చెదరని చిరునవ్వు అని వేణుమాధవ్ గారు చెప్తాంటే నేను పక్కకు తిరిగి చూసినా, ఈ పొద్దు నాతోబాటు ఇంకెవరన్నా రిటైరవుతాండారేమోనని. (నవ్వులు) సార్, మీరు వచ్చి ఏడాదే అయింది, మీకు తెలీదు. నా సహనం సంగతి ఆ మూలన నిలబడిన అటెండర్లను అడగండి. మాది అగళి పక్కన పల్లె, సేద్యం చేసే కుటుంబం. ఇంట్లో సగం తెలుగు, సగం కన్నడ. మా నాయనకు ప్రేమొస్తే తెలుగు, కోపమొస్తే కన్నడ. నాకు మాత్రం రెండు భాషల్లోనూ కోపమే వచ్చేది. అయినా ఇన్నేండ్లు మీరు నన్ను మోసినారంటే ఓర్పు ఎవరిదో మీకే తెలుస్తాంది గదా.

హిందూపురంలో టైపిస్టుగా చేరినా. అప్పట్లో ఓటర్ల జాబితా అంటే కార్బన్ కాగితాలు, మసి పట్టిన వేళ్ళు. ఆ తర్వాత ఒక రోజు పైనుంచి మాట వచ్చింది, ఇంగ జాబితాలన్నీ కంప్యూటరుకు ఎక్కించాల, ఏ బూత్ కింద ఏ వీధి, ఏ ఇంట్లో ఎవరు అన్నీ దానిలోనే ఉండాల అని. మా ఆఫీసులో అప్పటికి కంప్యూటర్ లేదు. ఉండే ఒక ఫ్యాను కూడా మాట వినేది కాదు. అందుకని బజారులో ఒక బట్టలంగడి పైన, మిద్దె మీద, ఆ అంగడాయన కొడుకు గణేష్ కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటరుకు పని అప్పజెప్పినారు. గణేషూ, స్తంభం వెనకాల దాక్కోవద్దప్పా, కనపడతాండావు. (నవ్వులు) నేను జాబితాలు గోనెసంచుల్లో ఎత్తుకొని పోతే, ఈయన కంప్యూటర్ కాళ్ళ కింద నిమ్మకాయలు పెట్టి, స్క్రీనుకు పసుపు కుంకుమ పెట్టి, దాని ముందరే టెంకాయ కొట్టినాడు. టెంకాయ నీళ్ళు పోయి కీబోర్డులో పడినాయి. ప్రభుత్వం వారి మహత్తర కార్యక్రమం మొదటి రోజు ఆడికే సమాప్తం. (నవ్వులు, చప్పట్లు)

పెనుకొండలో పని చేసేటప్పుడు జాబితాలో ఫోటోలు వచ్చినాయి. ఒక పల్లెలో ఫోటోలు తీయించి కంప్యూటర్లో చూస్తే మొగోళ్ళంతా ఒకటే పచ్చగళ్ళ చొక్కా! ఎవరో మోసం చేస్తాండారని నేను జీపేసుకొని పోయినా. సంగతేమంటే, చేనికాడ నుంచి బనియన్లతో వచ్చినోళ్ళు ఫోటోకు అట్ల కూర్చోవడానికి సిగ్గుపడినారంట. పాపం ఊరి తలారి తన చొక్కా విప్పి ఒకరి తర్వాత ఒకరికి తొడిగించి, తాను పొద్దంతా తువ్వాలు కప్పుకొని నిలబడినాడు. చివరకు ఫోటో లేనిది ఆయనదొక్కటే. అరుద్దామని పోయినదాన్ని, వాళ్ళు పోసిన మజ్జిగ తాగి తిరిగొచ్చినా.

సరే, ఇవన్నీ నవ్వుకునే సంగతులు. మా ఇంటాయన మళ్ళీ వాచీ చూసుకుంటాండాడు గానీ, నేను ఈ పొద్దు చెప్పాలనుకున్న సంగతి ఇంకొకటి ఉండాది. అది ఈ ఊరిదే. అది చెప్పకుండా ఈ మైకు వదిలిపెట్టను.

ధర్మవరానికి బదిలీ మీద వచ్చిన ఏడాది మున్సిపల్ ఎన్నికలు దగ్గరపడినాయి. కాగితం జాబితాలో ఒక ఇంటి జనం నాలుగు పేజీలకు పారినా ఎవరి కంటికీ ఆనదు. కంప్యూటర్ అట్ల కాదు గదా. ఏ ఇంట్లో ఎక్కువ మంది ఉండారో చూపించు అంటే రెప్పపాటులో చూపించింది. ఒకే డోరు నంబరు కింద, ఈ మండపంలో సగానికి సరిపడా జనం! అది షావుకారు దాసప్ప గారి మగ్గాల షెడ్డు. ఆ వార్డుకు కౌన్సిలరుగా నిలబడతాండేది ఆయన తమ్ముడు. ఇంగేముండాది, దొంగ ఓట్లని అవతలి పక్షం ఫిర్యాదు పెట్టింది, విచారించి పేర్లన్నీ తీసేయమని పైనుంచి కాగితం వచ్చింది. దాసప్ప గారూ, మీరు నవ్వుతాండారు గానీ ఆ రోజు నవ్వలేదు. (నవ్వులు)

నేను ఉగ్రంగా పోయినా. షెడ్డులో గుంట మగ్గాలు వరసగా, ఆ చప్పుడులో నా అరుపు నాకే వినపడలేదు. మొదటాయన దగ్గర నిలబడి, "ఏమప్పా, నీ ఇల్లు యాడ?" అంటి. "ఇదే మ్యాడమ్" అనె. పక్కామెను అడిగితే ఇదే. ఆ పక్కాయన, ఇదే. నాకు తిక్క రేగింది. "అందరిదీ ఇదే ఇల్లయితే పండుకునేది యాడ, ఒకరి మీద ఒకరా?" అని అరిచినా. ఒక పెద్దాయన నాడె విసిరే చెయ్యి ఆపకుండానే తలెత్తి చూసి, "పండుకునేదాన్ని ఇల్లంటారామ్మా? బాడిగిల్లు యాడాదికొకటి మారతాది. మగ్గం యాడుంటే మేమాడ" అన్నాడు.

నేను అరిచేది ఆపి, ఆయన మగ్గం పక్కన కింద కూర్చున్నా. నేను అరుపు ఆపినానంటే అది ఎంత పెద్ద సంగతో మీరే అర్థం చేసుకోండి. (నవ్వులు) ఈ ఊర్లో నేతగాన్ని నీ ఇల్లేదంటే మగ్గం చూపిస్తాడు. పేర్లు రాసేవాళ్ళు పగటిపూట వస్తారు, పగటిపూట నేతగాళ్ళు మగ్గంలో ఉంటారు, అడిగితే ఈడే అంటారు, వచ్చినోళ్ళు ఈడే అని రాసుకొని పోతారు. చెప్పినోళ్ళు అబద్ధం చెప్పలేదు, రాసినోళ్ళు దొంగరాత రాయలేదు, కంప్యూటర్ ఉన్నదే చూపించింది. అయినా అంతమంది బతికున్న మనుషులు దొంగ ఓటర్లయి కూర్చున్నారు.

దాసప్ప గారు నాకు కాఫీ ఇప్పించి, "అమ్మా, వాళ్ళను కదిలించొద్దండి. ఓట్ల రోజు నేనే మగ్గాలు నిలిపి, టిఫిన్ పెట్టించి, ఆటోల్లో పంపిస్తా. ఎవరికీ కష్టం లేదు" అన్నారు. నిజమే, ఆయనకు ఏ కష్టమూ లేదు. (నవ్వులు) ఆయన మంచాయనే. కూలి ఎగ్గొట్టేరకం కాదు, కాయిలా పడితే ఆసుపత్రికి పంపిస్తాడు. కానీ ఇడ్లీ పెట్టి ఆటో ఎక్కించినోడి మాట కాదని ఓటేసే ధైర్యం మనలో ఎంతమందికి ఉంటాదో మీరే చెప్పండి.

నేను చెప్పులు వేసుకుంటాంటే నల్లమ్మ బయటికొచ్చింది. అందరికీ తెలిసేట్లు చెప్తా, నల్లమ్మంటే ఇదిగో, రెండో వరుసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతాండాది, ఆమె. అప్పటికి మొగుడు పోయి చానా ఏండ్లయింది, ఆ షెడ్డులోనే నేస్తాండేది. అటూ ఇటూ చూసి, మెల్లగా, "మ్యాడమ్, నా ఓటు మా ఇంటి కాడ పెట్టు" అనింది. "ఇప్పుడే గదా ఇదే ఇల్లంటివి" అన్నా. "షావుకారి ముందర ఇంకేమనమంటావు? నేనుండేది రైలుకట్ట పక్క సందు. ఆడ జనముండారు, ఓట్లు లేవు. అందరి ఓట్లూ మగ్గాల కాడే ఉండాయి. ఓట్లు లేని సందుకు ఏ నాయాలొస్తాడు మ్యాడమ్? కొళాయి లేదు, కాలవ లేదు. షెడ్డు వీధికి చూడు, రెండు కొళాయిలు. ఆ నీళ్ళే మేము సాయంత్రం బిందెల్లో మోసుకొని పోతాం" అనింది.

చూడండి, జాబితా అంటే మాకు కాగితం పని. ఆమెకు అది నెత్తి మీద బిందె.

కానీ పేర్లు మార్చడం నోటిమాటతో అయ్యే పని కాదు. ఈడ తీసేది ఒక పని, ఆడ చేర్చేది ఇంకొక పని. తీసేదానికి గడువు ముందు, చేర్చేదానికి తర్వాత. సంగతి తెలిసి షెడ్డులో అందరూ బెదిరిపోయినారు. "తీసేది బిరబిరా తీస్తారు, చేర్చేదానికి రేపు రా, ఎల్లుండి రా అంటారు" అన్నారు. జాబితాలో పేరు పోతే రేషన్ కార్డు కూడా పోతాదని ఎవరో పుకారు పుట్టించినారు. ఎవరో నాకు తెలుసు, చెప్పను, కాఫీ తాగిన ఇల్లది. (నవ్వులు) నల్లమ్మ కూడా జంకింది. "రెండు చోట్లా లేకుండా పోతే మేము ఈ ఊర్లో లేనట్టే గదా మ్యాడమ్" అనింది. నేను అందరి ముందరా మాటిచ్చినా, కొత్తచోట పేరు ఎక్కింది కంటితో చూసినాకనే పాతచోట తీస్తానని.

మాట ఇచ్చేది సులభం. మా అప్పటి పెద్ద సారు కుదరదన్నారు. "సార్, ఉన్న ఇంట్లోనుంచి గెంటేసి, కొత్తింటి తాళంచెవి రేపిస్తామంటే మీరైతే వీధిలో నిలబడతారా?" అన్నా. అంతకంటే గట్టిగానే అన్నాననుకోండి. ఆయన మంచి మనిషి. "అమ్మా, నీతో వాదిస్తే నాకు బీపీ వస్తుంది, కారణం రాసియ్యి, సంతకం పెడతా" అన్నారు. ఆయన ఈ సభకు రాలేకపోయినారు, యాడున్నా చల్లగా ఉండాల.

ఇంగ రైలుకట్ట సందుకు పోయినాం, పగలు కాదు, వాళ్ళు మగ్గం దిగి వచ్చి వంటకు కూర్చునే యాళకు. ఇల్లు యాడ అని అడగడం మానేసినాం. పొయ్యి యాడ అని అడిగినాం. ఏ పొయ్యి మీద కూడు తింటే ఆ ఇంటి మనిషి. అన్నం ఉడికేటప్పుడు పోతే ఎవరు ఎవరింట్లో ఉండేదీ దాచిపెట్టినా దాగదు. ఇప్పుడు పేర్లు రాసే మా ఐశ్వర్య లాంటి కొత్త పిల్లలు ఈ పొద్దుకీ ఆ సందులో అట్లనే అడుగుతారు. ఏ సర్కులర్లోనూ లేదది.

ధర్మవరం జాబితాలు కూడా ఎక్కించేది గణేషే. అన్నీ రాసి హిందూపురానికి పంపిస్తే ఆయన ఫోను. "అక్కా, ఎక్కట్లేదు. ఒక్క ఇంటికీ డోరు నంబరు లేదు. నంబరు లేకుంటే కంప్యూటర్ తీసుకోదు." గడువు చూస్తే ముంచుకొచ్చింది. నంబర్ల పలకలు అడిగితే, బడ్జెట్టు వచ్చినాక అన్నారు. నేను పోయి నల్లమ్మకు చెప్తే ఆమె, "నంబరు లేకుంటే ఇల్లు కాదా?" అనింది. "నాకు ఇల్లే నల్లమ్మా, దానికి కాదు" అన్నా. "దానికి నంబరే గదా కావాల్సింది" అనింది. నేను సార్ దగ్గర తాత్కాలిక నంబర్లకు అనుమతి తెచ్చేసరికి సందులో జనం పట్టుకు అద్దే రంగులు సున్నంలో కలిపి పెట్టుకొని ఉండారు. ఒకరి గోడ మీద కెంపు రంగు, ఒకరి గోడ మీద నెమలిపింఛం రంగు. నేను వేలు పెట్టి ఈడ ఒకటి, ఈడ రెండు అంటాంటే వాళ్ళు అంచు తీర్చినట్టు తీర్చినారు. ఇన్ని ఊర్లు తిరిగినా, అంత అందమైన డోరు నంబర్లు నేను యాడా చూడలేదు. పెళ్ళి పట్టుచీరల రంగులండీ అవి, నీళ్ళు లేని సందు గోడల మీద!

ఆ కాగితాలు టపాలో పంపించే ధైర్యం లేక నేనే రైలెక్కి హిందూపురం పోయినా. గణేష్ పక్కన కుర్చీ వేసుకొని, ఒక్కొక్క పేరూ ఎక్కేదాకా కదల్లేదు. వాళ్ళమ్మ మధ్యాహ్నం పైకొచ్చి, "ఈమె ఇంటికి పోదా?" అని అడిగింది. (నవ్వులు) పోలేదు. అన్నీ ఎక్కినాకనే ధర్మవరానికి ఫోను చేసి, ఇప్పుడు షెడ్డులో తీసేయండి అని చెప్పినా.

జాబితా అంటించిన రోజు సందు సందంతా వచ్చింది. నల్లమ్మ తన ఫోటో వెతుక్కొని, దాని మీద వేలు పెట్టి, ఎంతసేపటికీ తీయలేదు. వెనకోళ్ళు "జరుగు నల్లమ్మా, మావీ చూసుకోవాల" అంటాంటే, "ఉండండి, ఇప్పుడే ఇంట్లోకి వచ్చినా" అనింది.

ఆ తర్వాత సంగతి మీకు తెలుసు. పుట్టి బుద్ధెరిగినాక ఆ సందులో అడుగుపెట్టని వాళ్ళంతా దండాలు పెట్టుకుంటా వచ్చినారు. దాసప్ప గారి తమ్ముడు కూడా వచ్చినాడు, కానీ దారి తెలీక రైలుకట్ట అవతలికి పోయినాడంట. (నవ్వులు, చప్పట్లు) పోలింగ్ రోజు షెడ్డు ముందర ఆటోలు నిలబడినాయి, ఇడ్లీలు చల్లారినాయి. షావుకారి గుమాస్తా బూత్ కాడికే వచ్చి, బయటికొస్తాండే నల్లమ్మను పట్టుకొని, "ఎవరికేసినావు?" అని అడిగినాడు. ఈమె ఏమనిందో తెలుసునా? "మగ్గం కాడ ఓటుంటే నీకు చెప్తాంటినప్పా. ఇది మా ఇంటి కాడిది" అనింది. (చప్పట్లు) చెప్పినావా లేదా నల్లమ్మా? చూడండి, తల ఊపుతాంది. ఆ వేసవిలో సందుకు కొళాయి వచ్చింది. ఎవరు గెలిచినారు అనేది నాకు అప్పుడూ పట్టలేదు, ఇప్పుడూ పట్టదు.

దాసప్ప గారు చానా దినాలు నాతో మాట్లాడలేదు. ఈ పొద్దు వచ్చి శాలువా కప్పినారు. జరీ చూస్తే కోపం పోయినట్టే ఉండాది. (నవ్వులు) అన్నా, మీ మీద నాకూ లేదు.

ఇంగ అయిపోవచ్చింది. అందరూ అడుగుతాండారు, రిటైరైనాక యాడికి పోతారు మ్యాడమ్, అగళికా అని. మా ఇంటాయన కూడా అదే అనుకుంటాండేవాడు, పోయిన నెల దాకా. రైలుకట్ట సందు మొదట్లో ఒక చిన్న ఇల్లు తీసుకున్నాం. నా ఓటు ఆ బూత్‌కు మార్చమని అర్జీ పెట్టినా. విచారణకు మా ఐశ్వర్యే వచ్చింది. నన్ను చూసి నవ్వి, మళ్ళీ సర్దుకొని, నేను నేర్పించినట్టే, ఏమీ ఎరగనట్టు అడిగింది, "అమ్మా, మీ పొయ్యి యాడ?" అని. ఇన్ని వేలమందిని అడిగిన ప్రశ్న, నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఏడ్చుకుంటానే ఆ పిల్లను వంటింట్లోకి పిలుచుకొనిపోయి చూపించినా.

ఎందుకు అంత ఏడుపొచ్చిందో చెప్పి దిగిపోతా. ఓటు వయసు అప్పట్లో ఇరవై ఒకటి, అది రాకముందే నాకు ఉద్యోగం వచ్చింది. ఉద్యోగమంతా ఎన్నికల పనే. ఎన్నికల రోజు మేము బూత్‌లన్నీ నడిపిస్తాం, మా ఓటు మాత్రం ముందే కాగితం మీద వేసి, కవరులో పెట్టి, పోస్టులో పంపిస్తాం. నిజం చెప్తాండా, నేను ఇంతవరకు ఒక్కసారి కూడా లైనులో నిలబడి ఓటు వేయలేదు. చూడండి ఈ వేలు. దీనికి సిరా చుక్క ఎప్పుడూ అంటలేదు. ఎన్నికల అధికారిణి వేలు ఇది!

కాబట్టి వేణుమాధవ్ సార్, మా పిల్లలందరూ, మీకు ఒకటే మనవి. వచ్చే ఎన్నికల రోజు నేను నల్లమ్మ వెనకాల నిలబడి ఉంటా. ఎండగా ఉండాదనో, పెద్దామె అనో, మన మ్యాడమ్ గదా అనో నన్ను ముందుకు పిలవొద్దండి. ఎంత పొడుగు లైనయినా సరే, నన్ను నిలబడనీండి.

ఇన్నేండ్లు నా నోటిని భరించిన సహోద్యోగులకు, నా కోసం మగ్గం దిగి వచ్చిన మీ అందరికీ, వాచీ చూసుకోవడం ఎప్పుడో మానేసిన మా ఇంటాయనకు, చేతులెత్తి నమస్కరిస్తాండా. ఉద్యోగానికి సెలవు, మీకు కాదు.

(చప్పట్లు)